ఎందుకు? ఎందుచేత? - తెలుగు విజ్ఞానవచనమున జిజ్ఞాసాస్వరూపము

విజ్ఞానశాస్త్రవిషయములను సామాన్యపాఠకులకు తెలుపు వచనరచనలు తెలుగున వెలువడనారంభించి నూఱేండ్లు దాటినది. అట్టి రచనలను గూర్చి మన విమర్శకులు వ్రాసినది స్వల్పము. వ్రాసినంతలోను చర్చ యెక్కువగా పారిభాషికపదములచుట్టునే తిరిగినది. ఆక్సిజన్ అనవలెనా, ఆమ్లజని అనవలెనా, ప్రాణవాయువు అనవలెనా? సంస్కృతసమాసములు మేలా, ఆంగ్లపదములను యథాతథముగా గ్రహించుట మేలా? ఈ చర్చ నిరుపయోగమని నా అభిప్రాయము కాదు. పదము లేనిదే శాస్త్రవ్యవహారము సాగదు. కాని పదము సమాధానమునకు సంబంధించిన సామగ్రి. సమాధానమునకు ముందు ప్రశ్న యుండవలెను. ఒక విజ్ఞానరచన యే ప్రశ్ననుండి పుట్టినది, ఆ ప్రశ్న యెవరిది, రచన ముగియునప్పటి కా ప్రశ్న యేమైనది అను విచారము మన విమర్శలో దాదాపు శూన్యము. ఆ లోపము కొంతవఱకైన తీర్చుటయే యీ వ్యాసమున కుద్దేశము.

జిజ్ఞాస అను శబ్దమును మొదట పరిశీలింతము. ఇది 'జ్ఞా' ధాతువుమీద ఇచ్ఛార్థమున సన్‌ప్రత్యయము చేరగా ఏర్పడిన రూపము. తెలిసికొన గోరుట అని దీని అర్థము. మీమాంస యనునదియు 'మన్' ధాతువునుండి యిట్లే యేర్పడినది. జైమినిసూత్రములలోను బాదరాయణసూత్రములలోను తొలి సూత్రముననే జిజ్ఞాసాశబ్దము కనబడుచున్నది. అనగా మన శాస్త్రకారులు తెలిసిన దానిని చెప్పుటకు పూర్వము తెలిసికొన గోరుటను స్థాపించిరి. కోరిక లేనివానికి జ్ఞానమును అందించుట బోర్లించిన పాత్రలో నీరు పోయుట వంటిది. విజ్ఞానరచయిత చేయవలసిన మొదటిపని పాత్రను సరిగా నిలుపుట.

సామాన్యుని నిత్యజీవితమున నీ కోరిక యొక చిన్నమాటగా బయలుపడును. ఆ మాట 'ఎందుకు'. ఆకాశము నీలముగా నుండుట యెందుకు? వానకు ముందు ఉక్కపోయుట యెందుకు? ఆదివారము తరువాత సోమవారమే యెందుకు? పిల్లలు దినమునకు పదిమారు లడుగు ఈ మాటయందు వైయాకరణులు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఎందు అను శబ్దముమీద షష్ఠీప్రత్యయమగు 'కు' చేరగా ఎందుకు అయినది. ఈ 'కు' ప్రత్యయము తెలుగువాడుకలో రెండు వేర్వేఱు సంబంధములను తెలుపును. 'చలికి వణకెను' అన్నప్పుడు చలి వణకుటకు హేతువు. 'నీటికి పోయెను' అన్నప్పుడు నీరు పోవుటకు ప్రయోజనము. ఒకచో కారణము వెనుకనుండి త్రోయును. ఒకచో ఫలము ముందునుండి లాగును. ప్రత్యయ మొక్కటియే. కావున 'ఎందుకు' అను ప్రశ్నయు స్వభావముచేతనే ద్వ్యర్థి.

మన భాషకు ఈ రెంటిని విడదీయు శక్తి లేకపోలేదు. తృతీయతో 'ఎందుచేత' అనవచ్చును. పంచమితో 'ఎందువలన' అనవచ్చును. ఈ రెండును హేతువును మాత్రమే యడుగును. చతుర్థితో 'ఎందుకొఱకు' అన్నచో అది ప్రయోజనమును మాత్రమే యడుగును. ఐనను నిత్యవ్యవహారమున మనము వాడునది 'ఎందుకు'. వాన యెందుకు కురియునని బాలుడడిగినచో, పంటలు పండుటకని ఒకరు, ఆవిరి చల్లబడి నీరగుటచేతనని వేఱొకరు చెప్పవచ్చును. వ్యాకరణదృష్టితో రెండును ఒప్పే. శాస్త్రదృష్టితో రెండవదియే సమాధానము.

ప్రకృతివిషయమున 'ఎందుకొఱకు' అను ప్రశ్నను ప్రక్కకు నెట్టి 'ఎందుచేత' అను ప్రశ్నను నిలుపుటయే ఆధునికవిజ్ఞానముయొక్క ప్రధానలక్షణములలో నొకటి. జీవశాస్త్రమున మాత్రము ఫలవాచకమైన భాష చిరకాలము నిలిచినది. కన్ను చూచుటకు, రెక్క యెగురుటకు అని నేటికిని అందుము. కాని 1859లో డార్విన్ తన ప్రధానగ్రంథమును ప్రకటించిన పిమ్మట ఆ భాషను సైతము హేతుపరముగా అన్వయించుకొనుట సాధ్యమైనది. కనుక తెలుగున విజ్ఞానమును వ్రాయువాడు పాఠకుని 'ఎందుకు'ను స్వీకరించి, దానిని మెల్లగా 'ఎందుచేత'గా మార్చవలసియున్నది. ఈ మార్పు రచనలో జరిగినదా లేదా అనునదియే నా దృష్టిలో విజ్ఞానవచనమునకు మొదటి గీటురాయి. ఈ గీటురాయితో మన వచనచరిత్రలోని కొన్ని ఘట్టములను చూతము.

1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఈ చరిత్రకు మొదటి మజిలీ. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు సంపాదకత్వమున ఆ మండలి చరిత్రగ్రంథములతో పాటు ప్రకృతిశాస్త్రగ్రంథములను గూడ ప్రకటించెను. ఆచంట లక్ష్మీపతి వంటి వైద్యులు జీవశాస్త్రమును తెలుగున వ్రాసిరి. వారి కాలమున వారి ముందున్న కార్యము శాస్త్రమును తెలుగులో చెప్పవచ్చునని నిరూపించుట. ఆ కార్యమును వారు సాధించిరి. కాని ఆ రచనల నిర్మాణము పాఠ్యగ్రంథనిర్మాణము. నిర్వచనము, విభాగము, ఉదాహరణము అను క్రమముననే అధ్యాయములు నడచును. అందు ప్రశ్న పాఠకునిది కాదు. శాస్త్రము ముందే యేర్పఱచుకొన్న క్రమమునకు చెందినది. దీనిని దోషమనుట అన్యాయము. పునాది వేయువారిని కిటికీ లేదని నిందింపరాదు.

లక్ష్మణరావు సంకల్పములలో మిక్కిలి గొప్పదియగు ఆంధ్రవిజ్ఞానసర్వస్వము ఈ విషయమున నింకొక పాఠము చెప్పుచున్నది. ఆయన జీవితకాలమున వెలువడిన మూడు సంపుటములును అకారమునకు సంబంధించిన విషయములతోనే నిండినవి. 1923లో ఆయన మరణించెను. ఆకాశము, ఇంద్రధనుస్సు, ఉఱుము, గ్రహణము ఆ మూడు సంపుటముల కావలనే మిగిలిపోయినవి. ఆ సంపుటముల విస్తృతిని, పాండిత్యమును ఎవ్వరును కాదనరు. కాని అకారాదిక్రమమునకు సహజమైన నియమమొకటి కలదు. వస్తువు పేరు తెలిసినవాడే దానిని వెదకగలడు. జిజ్ఞాసువునకు తఱచుగా తెలియనిది ఆ పేరే. వేసవి మధ్యాహ్నమున దూరముగా రోడ్డుమీద నీరు మెఱసినట్లు కనబడుట యేమని అడుగువానికి 'మరీచిక' యను మాట తెలిసియుండిన, అతని ప్రశ్న అప్పటికే సగము తీఱినది. సర్వస్వము తెలిసినవానికి మఱింత తెలుపును. తెలియనివానికి ద్వారము చూపుట దానివలన కాదు. తరువాతికాలమున తెలుగు భాషాసమితి తన విజ్ఞానసర్వస్వమును విషయానుసారముగా సంపుటములుగా విభజించుటలో ఈ యిబ్బంది కొంత తగ్గినదిగాని పూర్తిగా పోలేదు.

ద్వారము చూపు పద్ధతి యెట్లుండునో యొక ఉదాహరణముతో చెప్పెదను. ఆదివారము తరువాత సోమవారము, దాని తరువాత మంగళవారము వచ్చుట మన మెన్నడును ప్రశ్నింపని విషయము. ఆకాశమున గ్రహముల క్రమమేదియు వారముల క్రమముతో సరిపోదు. భూమినుండి చూచువానికి నెమ్మదిగా కదలునవి మొదలు వేగముగా కదలునవి వఱకు ప్రాచీనులు గ్రహములను శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని వరుసపెట్టిరి. శని తన చుట్టును ముగించుటకు సుమారు 29½ ఏండ్లు పట్టును. చంద్రునికి 27 దినములు చాలును. దినమునకు 24 హోరలు. ఒక్కొక్క హోరకు నొక్కొక్క గ్రహము అధిపతి. దినమున మొదటి హోరకు అధిపతి యెవరో ఆ దినమునకు వాని పేరు. ఏడుగురు గ్రహములు మూడుమారులు తిరిగిన 21 హోరలు పూర్తియగును, మూడు మిగులును. కావున శనివారము మఱునాటి మొదటి హోర, శని మొదలు లెక్కించిన నాలుగవవాడగు రవిది. రవి మొదలు నాలుగవవాడు చంద్రుడు. చంద్రుని మొదలు నాలుగవవాడు కుజుడు. వారముల క్రమము పూర్తిగా దొరికినది. ఇందు 'ఎందుకొఱకు' అను ప్రశ్నకు చోటు లేదు. 24ను 7చే భాగించిన 3 మిగులుటచేత అనునదియే సమాధానము. పంచాంగము గోడకు వ్రేలాడు ప్రతి యింటను ఈ లెక్క యున్నది. దానిని అడిగినవాడు లేడు.

ఈ ఉదాహరణమే జిజ్ఞాసకు నింకొక ప్రమాదమును గూడ చూపును. హోర యను మాట యెక్కడిది? అహోరాత్రశబ్దమునందలి ఆద్యంతాక్షరములు లోపింపగా హోర మిగిలినదని కొందఱందురని వరాహమిహిరుడు బృహజ్జాతకమున తెలిపినాడు. వినుటకు సొంపుగా నున్న వ్యుత్పత్తి యది. కాని ఆ శబ్దము గ్రీకుభాషనుండి జ్యోతిషముతో పాటు మనకు వచ్చినదని ఆధునికపండితులు నిర్ణయించిరి. సొంపైన సమాధానము దొరకిన వెంటనే ప్రశ్న నిద్రపోవును. నిజమైన సమాధానము కొంత అసౌకర్యముగా నుండి ప్రశ్నను మేలుకొలిపి యుంచును. సంస్కృతివిషయమైన ప్రశ్నలకును, ప్రకృతివిషయమైన ప్రశ్నలకును ఈ ధర్మము సమానమే.

ప్రశ్నను పాఠకుని యింటినుండి తెచ్చు పద్ధతిని తెలుగువచనమున స్థిరపఱచినవారిలో మహీధర నళినీమోహన్ (1933-2005) ముఖ్యుడు. మాస్కోలో పరిశోధన చేసిన భౌతికశాస్త్రజ్ఞుడాయన. ఆయన గ్రంథముల పేర్లే ఆయన పద్ధతిని తెలుపును: క్యాలెండర్ కథ, గ్రహణాల కథ, పిడుగు దేవర కథ. వీనిలో 'శాస్త్రము' అను పదము లేదు. 'కథ' అను పదము కలదు. కథ యనగా పూర్వాపరసంబంధము. ఒకప్పుడు మనుష్యులు ఒక విధముగా తలచిరి, ఒక చిక్కు వచ్చినది, తలపు మార్చుకొనిరి. నిర్వచనముతో మొదలైన గ్రంథమునందు అజ్ఞానమునకు తావు లేదు. కథయందు అజ్ఞానమునకు గౌరవప్రదమైన స్థానమున్నది. ఏలయన అది కథకు ప్రారంభము. పాఠకుడు తన అజ్ఞానముతోనే లోనికి ప్రవేశింపగలడు. క్యాలెండరు, గ్రహణము, పిడుగు అను వస్తువులను గూడ గమనింపుడు. మూడును పల్లెటూరి అరుగుమీద ప్రశ్నలు పుట్టించునవి. మూడింటియందును ప్రకృతియు సంస్కృతియు పెనవేసికొని యున్నవి.

గ్రహణముల సంగతిలో తెలుగునేలకు నిజమైన సంబంధమొకటి కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణసూర్యగ్రహణము మన జిల్లాలమీదుగా సాగినది. గుంటూరునుండి జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడును, మచిలీపట్టణమునుండి మద్రాసు వేధశాలాధికారి పోగ్సన్‌ను, వనపర్తినుండి అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారియు దానిని పరిశీలించిరి. సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని విశ్లేషించి చూచిన జాన్సెన్, ఆ రేఖలు మిక్కిలి ప్రకాశముగా నున్నందున గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని తలచి, మఱునాడు గుంటూరుననే చూచెను. ఆ సంవత్సరపు పరిశీలనలనుండియే హీలియమను మూలకము సూర్యునియందు గుర్తింపబడినది. అనాడు గుంటూరున గ్రహణస్నానము చేసినవారును, యంత్రము నెక్కుపెట్టినవారును చూచినది ఒక్క సూర్యునే. వారి ప్రశ్నలు వేఱు. ఈ రెండు ప్రశ్నలను ఒక్క కథలో నిలుపగల వచనమే మనకు కావలసినది.

ఐనను కథాపద్ధతికి పరిమితి కలదు. కథకు నాయకుడు కావలెను. నాయకుడున్నచో ప్రతినాయకుడు వచ్చును. పూర్వుల తలపులను కేవలము మౌఢ్యముగా చిత్రించుట, శాస్త్రజ్ఞుని పురాణపురుషునిగా చేయుట ఈ త్రోవలో సులభముగా జరుగును. అప్పుడు పాఠకుడు ఒక విశ్వాసమును విడిచి ఇంకొక విశ్వాసమును పట్టుకొనునేగాని, ప్రశ్నించుట నేర్వడు. ఈ జారుడును తప్పించుకొనుటకు హేతువును అడుగడుగున చూపు తర్కబద్ధమైన వ్యాసము తోడ్పడును. కాశీలో భౌతికశాస్త్రము చదివి కథారచయితయైన కొడవటిగంటి కుటుంబరావును, ఆయన కుమారుడగు అణుశాస్త్రజ్ఞుడు కొడవటిగంటి రోహిణీప్రసాద్ (1949-2012)ను ఈ వ్యాసపద్ధతికి చెందినవారు. రోహిణీప్రసాద్ సంగీతవేత్త కూడ. ఒకే రచయిత రాగమును గూర్చియు, పరిణామవాదమును గూర్చియు, ఒకే తీరున కారణము నడుగుచు వ్రాయుట మన వచనమున అరుదైన విషయము.

ఆయన వ్యాసములు పలువురికి చేరిన మార్గము అంతర్జాలము. 1998లో ప్రారంభమైన 'ఈమాట' వంటి అంతర్జాలపత్రికలును, 2003 డిసెంబరు 10న ఆవిర్భవించిన తెలుగు వికీపీడియాయు విజ్ఞానవచనమునకు కొత్త క్షేత్రములు. వికీపీడియాను సాధారణముగా వ్యాసముల సంఖ్యతో కొలుచుచున్నారు. గ్రామములను గూర్చి, చలనచిత్రములను గూర్చి ఒకే మూసలో పోసిన చిన్నవ్యాసములు అందు పెక్కులున్నవని విమర్శయు కలదు. ఈ రెంటికంటె మనము గమనింపదగినది దాని నిర్మాణము. ప్రతి వ్యాసమునకు వెనుక ఒక చర్చాపుట, ఒక మార్పులచరిత్ర ఉన్నవి. ఎవరు ఏ మాటను ఎప్పుడు మార్చిరో, ఏ వాక్యమునకు ఆధారమేదని యెవరడిగిరో అందఱును చూడవచ్చును. అచ్చుగ్రంథమున కనబడక పోవు సందేహము ఇచట భద్రపఱుపబడినది. లక్ష్మణరావు సర్వస్వమున లేని సౌకర్యమిది. వస్తువు పేరు తెలియనివాడును తన సొంతమాటలతో వెదకగల సౌకర్యము దీనికి తోడైనది. 'రోడ్డుమీద నీళ్లలా కనబడేది' అని అడిగినవానిని మరీచిక వఱకు చేర్చు అవకాశము చరిత్రలో మొదటిసారి కలిగినది.

అయితే అదే అంతర్జాలమున 'ఎందుకు' అను మాటలోని ద్వ్యర్థిత్వము ఒక కొత్త సాహిత్యశాఖనే పుట్టించినది. ఆచారముల వెనుక శాస్త్రీయకారణములని పేరు. ఉత్తరమునకు తలపెట్టి పరుండరాదనుట కొక ఉదాహరణము. భూమి అయస్కాంతము, రక్తమునందు ఇనుము కలదు, కావున ఆ యయస్కాంతము రక్తమును తలకు లాగునని సమాధానము. రక్తమునందలి ఇనుము హీమోగ్లోబినులో రసాయనబంధమున నున్నది. అది మేకునందలి ఇనుమువలె అయస్కాంతమున కాకర్షింపబడదు. భూమి అయస్కాంతక్షేత్రము 25 మొదలు 65 మైక్రోటెస్లాలు. ఆస్పత్రిలోని ఎం.ఆర్.ఐ. యంత్రమున సాధారణముగా 1.5 టెస్లాల క్షేత్రముండును. అనగా సుమారు ముప్పదివేల రెట్లు. ఆ యంత్రమున పరుండిన రోగుల రక్తమే తలకు ఎగబ్రాకనప్పుడు మంచముమీద నిద్రించువాని రక్తమున కేమి ప్రమాదము?

ఇట్టి రచనలను అబద్ధమని త్రోసివేయుట సులభము. విమర్శకుని పని అంతటితో తీఱదు. ఆ అబద్ధము నిర్మాణమెట్టిదో చూడవలెను. ఆచారము మనుష్యులు ఏర్పఱచుకొన్నది. అది యెందుచేత కలిగినదని అడిగినచో సమాధానము చరిత్రయందు, పురాణమునందు, దిక్కులను గూర్చిన భావనలయందు వెదకవలెను. ఉత్తరమునకు తలపెట్టి పరున్న ఏనుగు శిరస్సు వినాయకునికి వచ్చిన కథ మన యిండ్లలో నేటికిని చెప్పబడుచున్నది. ఆ నిషేధము జనహృదయమున ఏ భావములతో ముడిపడినదో ఆ కథ తెలుపును. ఈ కొత్త రచయితలు ఆ త్రోవను విడిచి, ఆచారమునకు ముందొక ప్రయోజనమును ఊహించి, ఆ ప్రయోజనమునకు హేతువు వేషమును తొడుగుచున్నారు. 'కొఱకు'ను 'చేత'గా చూపుచున్నారు. దీనివలన నష్టము రెండువైపులనున్నది. శాస్త్రమునకు తప్పుడు సాక్ష్యము. సంస్కృతికి అనవసరమైన అవమానము. ఒక ఆచారము శాస్త్రజ్ఞుని ధ్రువపత్రముంటేనే నిలువదగినదని వీరు ఒప్పుకొన్నట్లే కదా! కథగా, స్మృతిగా, కుటుంబబంధముగా దానికున్న సొంతవిలువ ఇందు మఱుగున పడినది.

2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చిన పిమ్మట కృత్రిమమేధా యంత్రములు తెలుగుననే ప్రశ్న లడిగించుకొని తెలుగుననే సమాధానములు చెప్పుచున్నవి. వీనివలని సౌలభ్యము అంగీకరింపదగినదే. కాని వాక్యము సాఫీగా నడచుట సత్యమునకు ప్రమాణము కాదు. సందేహమునకు, నిశ్చయమునకు ఒక్కటే కంఠస్వరముతో పలుకు సమాధానమును పాఠకుడు పరీక్షింపవలెనన్న, సమాధానమును చేరిన త్రోవ అతనికి తెలియవలెను. వికీపీడియా చర్చాపుటలో నిలిచిన త్రోవ ఇచట కనబడుట తక్కువ. విద్యార్థులు తమ వ్యాసములకు ఈ యంత్రములనుండి సమాధానములు తెచ్చుకొను దినములలో, ఉపాధ్యాయుడు దిద్దవలసినది సమాధానము కాదు. విద్యార్థి అడిగిన ప్రశ్న.

ప్రశ్నను సంరక్షించుకొనుట యనగా నేమో ఒక ప్రసిద్ధఘట్టము స్పష్టము చేయును. బాల్యమును విశాఖపట్టణమున గడపిన చంద్రశేఖర వేంకటరామన్, 1921లో ఇంగ్లండునుండి ఓడలో తిరిగివచ్చుచు మధ్యధరాసముద్రపు నీలవర్ణమును చూచెను. సముద్రము నీలమగుట ఆకాశము అందు ప్రతిఫలించుటచేతనని రాలే చెప్పిన సమాధానము అప్పటికి లోకసమ్మతము. రామన్ ఒక నికోల్ పట్టకముతో ఉపరితలమునుండి ప్రతిఫలించు కాంతిని అణచి చూచెను. నీలము పోలేదు. కావున ఆ వర్ణము నీటినుండియే వచ్చుచున్నదని, నీటి అణువులు కాంతిని పరిక్షేపించుటచేత కలుగుచున్నదని నిర్ణయించెను. ఆ విచారమే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితమునకును, 1930లో నోబెల్ బహుమానమునకును దారితీసినది. ఇందు విశేషమేమనగా, నీరు ఎఱుపుకాంతిని పీల్చుకొనుట సముద్రపు నీలమునకు ప్రధానకారణమని నేటి శాస్త్రము చెప్పుచున్నది. రామన్ సమాధానము సవరణ పొందినది. పెద్దలు చెప్పిన సమాధానమును చేతనున్న చిన్న పట్టకముతో పరీక్షింపవచ్చునన్న ఆయన ప్రశ్నకు సవరణ అక్కఱలేదు. ఈ కథను మన పాఠ్యపుస్తకములు బహుమానముతో ముగించుచున్నవి. సవరణతో ముగించినచో విద్యార్థికి ఎక్కువ మేలు కలుగును.

కావున తెలుగు విజ్ఞానవచనమును పరిశోధింపగోరు విద్యార్థులు రచనలో ఏ పారిభాషికపదము వాడబడెనని చూచుటతో ఆగక మూడు విషయములను అడుగుట మేలని నా సూచన. రచన ఎవరి ప్రశ్నతో మొదలైనది - శాస్త్రముదా, పాఠకునిదా? అందు 'ఎందుకు' అనునది 'ఎందుచేత'గా స్పష్టముగా మాఱినదా, లేక ప్రయోజనము హేతువు వేషమున వచ్చినదా? రచన ముగిసిన పిమ్మట పాఠకునికి కొత్తప్రశ్న యేదైన మిగిలినదా? విజ్ఞానచంద్రికా ప్రచురణలు మొదలుకొని నేటి అంతర్జాలవ్యాసముల వఱకు ఈ మూడు ప్రశ్నలతో చదివినచో, పేర్ల పట్టికగా మిగిలియున్న ఒక చరిత్ర ఆలోచనల చరిత్రగా రూపొందును.

తెలుగున 'అడుగు' అను క్రియ యొక్కటే యాచకునికిని జిజ్ఞాసువునకును వర్తించును. ఇంటి ముంగిట నిలిచి బియ్యమడుగువాడును, గురువును సందేహమడుగువాడును ఒకే క్రియకు కర్తలు. ఇంతకాలము విజ్ఞానవిషయమున తెలుగుభాష యాచకునివలె నిలిచి, ఆంగ్లమునుండి సమాధానములను దోసిటపట్టి తెచ్చుకొన్నది. ఆ పని నేటికిని అవసరమే. కాని సమాధానములు మాత్రమే దిగుమతి యగుచు ప్రశ్నలు పుట్టని భాష ఎంత పెద్ద పదకోశము గలదైనను శాస్త్రభాష కానేరదు. మన యరుగులమీద, మన పంచాంగములలో, మన తరగతిగదులలో ఇంకను అడుగబడని ప్రశ్నలు తెలుగుననే ఉన్నవి. వానిని తెలుగుననే సరిగా అడుగుట మొదటి కర్తవ్యము.